బీము అక్షం జాయింట్‌లో కలవనప్పుడు: రిజిడ్ ఆఫ్‌సెట్ మోడలింగ్‌కు సమగ్ర మార్గదర్శి

చెన్నై గిండీలో మా డిజైన్ ఆఫీసుకు ఏటా నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి కొత్తగా ఇంజినీర్లు వస్తుంటారు. ఫ్రేమ్ (బీములు, కాలమ్స్ కలిసిన చట్రం) మోడల్ చేయడం వాళ్లకు వారంలో వచ్చేస్తుంది. జాయింట్ నుంచి మెంబర్ (బీము లేదా కాలమ్) కొస ఎంత జరిగి ఉందో చెప్పే ఆఫ్‌సెట్ దగ్గరే చాలామంది తడబడతారు. రెండేళ్ల క్రితం ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్) వైపు కట్టే ఒక భవనం మోడల్ నా చెకింగ్‌కు వచ్చింది. బయటి వరుస కాలమ్స్ 600 మి.మీ. చదరం. 230 మి.మీ. వెడల్పు బీములు కాలమ్ బయటి ముఖానికి సమంగా పోతున్నాయి. అంటే బీము అక్షానికీ కాలమ్ అక్షానికీ మధ్య 185 మి.మీ. తేడా ఉంది. మధ్య కాలమ్ మీదికి రెండు వైపుల నుంచీ చెరో 200 కిలోన్యూటన్ల షియర్ (అడ్డంగా కోసే బలం) వస్తోంది. చేతి లెక్కలో 400 × 0.185, అంటే 74 కిలోన్యూటన్ మీటర్ల మొమెంట్ (వంచే ప్రభావం) ఆ జాయింట్‌లోకి దిగాలి. మోడల్‌లో దాదాపు సున్నా ఉంది.

“ఏరా, ఈ కాలమ్‌లో మొమెంట్ ఏమైంది?” అని అడిగితే, “ఆఫ్‌సెట్ ఇచ్చాను సార్, చూడండి” అని ఆ కుర్రాడు ఇన్‌పుట్ తెరిచి చూపించాడు. ఇచ్చిన మాట నిజమే. కానీ ఒక బీమును ఎడమ నుంచి కుడికి, పక్క బీమును కుడి నుంచి ఎడమకు గీశాడు. ఆఫ్‌సెట్ లోకల్ అక్షాల్లో, అంటే బీము గీసిన దిశను బట్టి మారే అక్షాల్లో ఇచ్చాడు. బీము దిశ తిరగబడితే లోకల్ జెడ్ కూడా తిరగబడుతుంది. దాంతో ఒక బీము బయటికి 185, రెండోది లోపలికి 185 జరిగి, రెండు మొమెంట్లూ ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇవ్వలేదు, వార్నింగ్ కూడా లేదు.

ఆ రోజు వాడికి కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను.

ముందు, ఆఫ్‌సెట్ ఏం చేస్తుందో

ఫ్రేమ్ మోడల్‌లో కాలమ్‌కు మందం లేదు, బీముకు లోతు లేదు. అన్నీ గీతలే. గీతలు కలిసే చుక్క జాయింట్. నిజమైన బీము ఆ చుక్క దగ్గర మొదలవ్వదు. కాలమ్ ముఖం దగ్గరో, పక్కకు జరిగో, కిందికి దిగో మొదలవుతుంది. జాయింట్ నుంచి ఆ మొదలయ్యే చోటు దాకా వంగని, సాగని, మెలితిరగని ఒక కర్ర ఉందని ఊహించుకోండి. అదే రిజిడ్ ఆఫ్‌సెట్.

ఆ కర్ర రెండు పనులు చేస్తుంది. జాయింట్ కొంచెం తిరిగితే, కర్ర అవతలి కొస తిరుగుడు గుణింతం కర్ర పొడవు అంత దూరం కదులుతుంది. అలాగే అవతలి కొస దగ్గర ఉన్న బలం జాయింట్‌కు చేరేటప్పుడు బలం గుణింతం పొడవు అంత మొమెంట్‌ను వెంట తెస్తుంది. మొదటి పని వల్ల ఫ్రేమ్ స్టిఫ్‌నెస్ (గట్టిదనం) మారుతుంది, రెండో పని వల్ల డిజైన్ బలాలు మారుతాయి. ఆఫ్‌సెట్ పెట్టిన ప్రతిచోటా ఈ రెండూ జరుగుతాయి. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

1. కాగితం మీద గీయండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే జాయింట్‌ను పెద్దగా గీయండి. ప్లాన్ ఒకటి, ఎలివేషన్ ఒకటి. కాలమ్ అక్షం, బీము అక్షం, స్లాబ్ మధ్య తలం చుక్కల గీతలతో వేయండి. జాయింట్ చుక్క ఎక్కడ పెడుతున్నారో రంగు పెన్నుతో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి ప్రతి మెంబర్ కొసకూ ఉన్న దూరం అడ్డంగా, నిలువుగా, పక్కకు విడివిడిగా రాసుకోండి.

గీస్తే ఆఫ్‌సెట్ ఏ రకమో తెలుస్తుంది. బీము పొడవు దిశలోనే ఉంటే అది కాలమ్ మందం వల్ల వచ్చినది. పక్కకు ఉంటే పైన చెప్పిన బయటి బీము లాంటిది. పైకీ కిందికీ ఉంటే లెవెల్ తేడా. ఉదాహరణకు ఐఎస్ఎంబీ 450, ఐఎస్ఎంబీ 300 (450, 300 మి.మీ. లోతున్న ఐ ఆకారపు స్టీలు) బీముల పై ఫ్లాంజ్‌లు (అడ్డ పలకలు) ఒకే లెవెల్‌లో ఉంటే వాటి అక్షాల మధ్య 75 మి.మీ. తేడా వస్తుంది. మూడు రకాలకూ ఇన్‌పుట్ పెట్టె ఒకటే అయినా ఆలోచన వేరు.

2. అది నిజంగా అంత గట్టిదా?

అందరూ దాటేసే ప్రశ్న ఇదే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

కాలమ్స్ మధ్య 6 మీటర్లు, కాలమ్ 600 మి.మీ. అనుకుందాం. క్లియర్ స్పాన్ 5.4 మీటర్లు, రెండు కొసల్లో 0.3 మీటర్ల చొప్పున రిజిడ్. అవతలి జాయింట్ తిరగకుండా ఉంచి ఇవతలి జాయింట్‌ను తిప్పితే, మామూలు సెంటర్ లైన్ (ఆఫ్‌సెట్ లేని) మోడల్‌లో స్టిఫ్‌నెస్ 4 ÷ 6, అంటే ఈఐకి (పదార్థపు గట్టిదనం ఈ, వంపును ఆపే సెక్షన్ ఇనర్షియా ఐ, ఈ రెండిటి గుణింతానికి) 0.667 రెట్లు. రిజిడ్ కొసలు పెడితే మూడు భాగాలు వస్తాయి: 4 ÷ 5.4, 12 × 0.3 ÷ 5.4 వర్గం, 12 × 0.3 వర్గం ÷ 5.4 ఘనం. మొత్తం 0.871. అంటే 31 శాతం ఎక్కువ. ఫ్రేమ్ పక్కకు ఊగినప్పుడు రెండు జాయింట్లూ ఒకేలా తిరుగుతాయి కాబట్టి లెక్క ఇంకా సులువు: 6 ÷ 5.4 ను ఘనం చేయండి. 1.37 వస్తుంది. మామూలు ఫ్రేమ్ బీముకు ఇంత తేడా.

షియర్ వాల్స్ (పక్క బలాలను ఆపే కాంక్రీటు గోడలు) మధ్య లింటెల్ బీము దగ్గర ఇది ఎక్కడికి పోతుందో చూడండి. 3 మీటర్ల గోడలు రెండు, మధ్యలో 1.5 మీటర్ల ఓపెనింగ్. గోడలను మధ్యగీతల దగ్గర కాలమ్స్‌లా మోడల్ చేస్తే కేంద్రాల మధ్య దూరం 4.5 మీటర్లు. ఆఫ్‌సెట్ లేకుండా 4.5 మీటర్ల బీము పెట్టిన మోడల్, నిజమైన 1.5 మీటర్ల బీముతో పోలిస్తే వంపు స్టిఫ్‌నెస్‌లో 27 రెట్లు బలహీనంగా ఉంటుంది. మూడు ఘనం 27. లోతైన బీములో షియర్ వల్ల వచ్చే వంపును కూడా కలిపితే తేడా 27 కన్నా తగ్గుతుంది. అయినా మోడల్ తప్పే. అందుకే గోడను గీతగా మోడల్ చేసినప్పుడు రిజిడ్ చేతులు తప్పనిసరి అంటాను. గోడ నిజంగా అంత గట్టిగానే ఉంటుంది.

కాలమ్, బీము కలిసే చోటు సంగతి వేరు. ఆ కాంక్రీటు ముద్ద కూడా షియర్‌లో కొంచెం వంగుతుంది, పగుళ్లు వస్తాయి, కడ్డీ కాస్త జారుతుంది. పూర్తిగా రిజిడ్ అనడం అతి. అమెరికా వాళ్ల ఏఎస్‌సీఈ 41 (పాత భవనాల భూకంప పరిశీలన ప్రమాణం) దీనికి ఒక చక్కని పద్ధతి ఇచ్చింది. జాయింట్ దగ్గర కాలమ్స్ మొమెంట్ సామర్థ్యం బీముల సామర్థ్యానికి 1.2 రెట్ల కన్నా ఎక్కువైతే జాయింట్ లోపలి కాలమ్ ముక్కను రిజిడ్‌గా, బీము ముక్కను మామూలుగా ఉంచాలి. 0.8 కన్నా తక్కువైతే తిరగేసి చేయాలి. మధ్యలో ఉంటే రెండింటిలోనూ సగం సగం. మన ఐఎస్ 13920:2016 (భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాల కోడ్) ప్రకారం కాలమ్స్ సామర్థ్యం బీములకు కనీసం 1.4 రెట్లు ఉండాలి కదా. ఆ కోడ్ పాటించిన ఫ్రేముల్లో జాయింట్లు సాధారణంగా మొదటి కోవలోకే వస్తాయి: కాలమ్ ముక్క రిజిడ్, బీము ముక్క కాదు.

ఇది చెన్నైలో ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడ గాలికి బేసిక్ వేగం సెకనుకు 50 మీటర్లు. బెంగళూరులో 33 మాత్రమే. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఇక్కడ ఎత్తైన భవనాల్లో చాలాసార్లు డ్రిఫ్టే (భవనం పక్కకు ఊగే దూరమే) డిజైన్‌ను నిర్ణయిస్తుంది. ఐఎస్ 456:2000 (కాంక్రీటు కోడ్) ప్రకారం పైకొస ఊగు ఎత్తులో 500వ వంతు దాటకూడదు. ఆ పరీక్షలో తప్పిన మోడల్‌కు అన్ని జాయింట్లనూ పూర్తి రిజిడ్ చేసి పాస్ చేయించడం నేను చూశాను. భవనం ఒక్క మిల్లీమీటరు కూడా గట్టిపడలేదు. కాగితం మీద అంకె మారిందంతే. దయచేసి అలా చేయకండి. ఆ ఇంట్లో మనుషులు ఉంటారు.

3. అక్షాలు, గుర్తులు

స్టాడ్ ప్రో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మెంబర్ ఆఫ్‌సెట్ ఇచ్చేటప్పుడు స్టార్ట్ కొసా, ఎండ్ కొసా అని చెప్పి, మూడు దూరాలు ఇస్తాం. దూరం ఎప్పుడూ జాయింట్ నుంచి మెంబర్ కొస వైపు కొలవాలి. లోకల్ అని రాయకపోతే గ్లోబల్ (మొత్తం మోడల్‌కు ఒకటే అయిన) అక్షాలే తీసుకుంటుంది. గ్లోబల్‌లో ఇస్తే బీమును ఏ దిశలో గీసినా పక్క ఆఫ్‌సెట్ మారదు. అందుకే అడ్డం, నిలువు మెంబర్లన్నిటికీ నేను గ్లోబలే వాడమంటాను. కాలమ్ మందం కోసం ఇచ్చే పొడవు ఆఫ్‌సెట్‌లో మాత్రం స్టార్ట్ దగ్గర బీము లోపలి వైపుకు, ఎండ్ దగ్గర కూడా బీము లోపలి వైపుకే ఉండాలి. ఎక్స్ దిశలో గీసిన బీముకు స్టార్ట్‌లో ప్లస్ 0.3, ఎండ్‌లో మైనస్ 0.3. రెండు చోట్లా ప్లస్ ఇస్తే ఎండ్ కొస కాలమ్ కేంద్రం దాటి అవతలి ముఖం దాకా పోతుంది.

లోకల్ వాడక తప్పని వాలు మెంబర్లకు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. స్టాడ్ ఇక్కడ తీసుకునే లోకల్ అక్షాలు, ఆఫ్‌సెట్ లేకుండా, బీటా కోణం (మెంబర్‌ను దాని అక్షం చుట్టూ తిప్పే కోణం) సున్నాగా ఉంటే వచ్చే అక్షాలు. మెంబర్‌ను బీటాతో 90 డిగ్రీలు తిప్పినా ఆఫ్‌సెట్ దానితోపాటు తిరగదు. తెర మీద కనిపించే తిరిగిన అక్షాలు చూసి అంకె వేస్తే తప్పవుతుంది.

ఈటాబ్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో నిలువు అక్షం జెడ్, స్టాడ్‌లో మామూలుగా వై. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి అంకెలు ఎక్కించుకునేటప్పుడు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

4. ఈటాబ్స్‌లో రెండు వేర్వేరు పెట్టెలు

ఈటాబ్స్, దాని సోదర సాఫ్ట్‌వేర్ శాప్ వాడేవాళ్లకు ఒకే మాటకు రెండు చోట్లు కనిపిస్తాయి. ఎండ్ లెంగ్త్ ఆఫ్‌సెట్ మెంబర్ పొడవు దిశలోది, కాలమ్ మందం కోసం. కనెక్టివిటీ నుంచి తనే లెక్కేసుకునే సౌకర్యం ఉంది. పక్కనే రిజిడ్ జోన్ ఫ్యాక్టర్ ఉంటుంది, సున్నా నుంచి ఒకటి దాకా. సున్నా ఇచ్చినా బలాలు ముఖం దగ్గర చూపిస్తుంది కానీ స్టిఫ్‌నెస్ పెంచదు. తయారీదారు మాన్యువల్ కూడా మామూలుగా 0.5 దాటొద్దనే చెబుతుంది. ఈ రిజిడ్ జోన్ వంపుకూ షియర్‌కూ మాత్రమే వర్తిస్తుంది. పొడవు దిశలో నొక్కుకుపోవడం, మెలితిరగడం మెంబర్ మొత్తం పొడవునా జరుగుతాయి.

రెండోది ఇన్సర్షన్ పాయింట్. పక్కకూ, పైకీ కిందికీ జరపడానికి ఇది. కార్డినల్ పాయింట్ (సెక్షన్‌లో ఏ చోటు గీత మీద ఉండాలో చెప్పే నంబర్) 10 అంటే సెంట్రాయిడ్ (సెక్షన్ కేంద్రం), 8 అంటే పై అంచు మధ్య. ఇందులోనే, ఈ జరుపుడు స్టిఫ్‌నెస్‌లోకి రావాలా వద్దా అని అడిగే చిన్న టిక్ ఒకటి ఉంది. ఆ టిక్ సంగతి తేల్చుకోకుండా ముందుకెళ్లొద్దు. బొమ్మలో బీము చక్కగా స్లాబ్ కింద కనిపిస్తుంది, లెక్కలో మాత్రం మధ్యగీత మీదే ఉండొచ్చు. లేదా మీరు అనుకోని యాక్సియల్ ఫోర్స్ (పొడవు దిశలో నొక్కే, లాగే బలం) రావచ్చు.

5. లోడ్లు, రిలీజులు ఎక్కడి నుంచి?

స్టాడ్‌లో ఆఫ్‌సెట్ ఉన్న మెంబర్ మీద పాయింట్ లోడ్ దూరాన్ని జాయింట్ నుంచి కొలవరు, ఆఫ్‌సెట్ అయిపోయిన చోటు నుంచి కొలుస్తారు. కాలమ్ కేంద్రం నుంచి 2 మీటర్లలో సెకండరీ బీము ఉంటే, 0.3 ఆఫ్‌సెట్ తర్వాత 1.7 అని ఇవ్వాలి.

మొమెంట్ రిలీజ్ (కొసలో మొమెంట్ చేరకుండా వదిలేయడం) కూడా ఆఫ్‌సెట్ కొస దగ్గరే పనిచేస్తుంది. స్టీల్ కాలమ్ ఫ్లాంజ్‌కు క్లీట్‌తో (ఎల్ ఆకారపు స్టీలు ముక్కతో) కట్టిన బీము అనుకుందాం. పిన్ ముఖం దగ్గర ఉంది, అక్కడి నుంచి కాలమ్ మధ్యకు దూరం మిగిలే ఉంది. రియాక్షన్ 120 కిలోన్యూటన్లు, కాలమ్ లోతు 300 అయితే 150 మి.మీ. ఆఫ్‌సెట్‌తో 18 కిలోన్యూటన్ మీటర్లు కాలమ్‌లోకి వస్తాయి. ఐఎస్ 800:2007 (స్టీలు కోడ్) సాధారణంగా ముఖం నుంచి ఇంకో 100 మి.మీ. కలపమంటుంది. అంటే 250 మి.మీ., 30 కిలోన్యూటన్ మీటర్లు. కాబట్టి ఆ కోడ్‌తో డిజైన్ చేసేటప్పుడు ఆఫ్‌సెట్ 150 పెట్టి అయిపోయిందనుకోకండి.

6. ఆరు మీటర్ల బీముతో పరీక్ష

కొత్తగా ఏ సాఫ్ట్‌వేర్ చేతికొచ్చినా, కొత్త వెర్షన్ వేసినా నేను ముందు ఇది చేస్తాను. మీరు కూడా ఇవాళే చేసి చూడండి, పది నిమిషాల పని.

6 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ (కొసలు స్వేచ్ఛగా తిరిగే) బీము, సైజు 300 × 600, మీటరుకు 20 కిలోన్యూటన్ల లోడ్. సెల్ఫ్ వెయిట్ వద్దు. మధ్యలో మొమెంట్ 90. ఇప్పుడు రెండు సపోర్టులూ పిన్‌గా (తిరగనిచ్చి, జరగనివ్వకుండా) ఉంచి, బీము రెండు కొసలకూ పైకి 0.3 మీటర్ల ఆఫ్‌సెట్ ఇవ్వండి. అంటే సపోర్టు బీము అడుగు అంచు దగ్గర ఉన్నట్టు. రన్ చేయండి. మధ్య మొమెంట్ 45కు పడిపోతుంది. కొసల్లో 45 హాగింగ్ (బీమును పైకి వంచే మొమెంట్) వస్తుంది. బీములో 150 కిలోన్యూటన్ల కంప్రెషన్ వస్తుంది.

ఇది బగ్ కాదు. లోడ్ పడగానే బీము కొసలు తిరుగుతాయి, అడుగు అంచులు బయటికి జరగాలని చూస్తాయి. పిన్‌లు ఆపుతాయి. ఆ ఆపిన బలం గుణింతం 0.3 కొస మొమెంట్ అవుతుంది. చేతి లెక్క: 20 × 6 × 6 ÷ 12 = 60. దీన్ని 0.09 ÷ (0.09 + 0.03) తో గుణించండి, 45. ఇందులో 0.09 ఆఫ్‌సెట్ వర్గం, 0.03 సెక్షన్ ఇనర్షియాను వైశాల్యంతో భాగించినది. 45 ను 0.3 తో భాగిస్తే 150. ఇప్పుడు ఒక సపోర్టును రోలర్ (పక్కకు జరగనిచ్చేది) చేయండి. యాక్సియల్ మాయమై, 90 తిరిగొస్తుంది.

మీ కట్టడంలో బేరింగ్ ప్యాడ్ మీద కూర్చున్న బీముకు ఇలా రెండు పిన్‌లు పెట్టి నిలువు ఆఫ్‌సెట్ ఇచ్చారంటే, ఉండాల్సిన స్టీలులో సగమే పెట్టే ప్రమాదం ఉంది. నిలువు ఆఫ్‌సెట్ అంటే నాకు ఎప్పుడూ టెన్షనే, కారణం ఇదే.

7. స్లాబ్ కింద బీము

ఇదే సంగతి స్లాబును ప్లేట్లతో (చిన్న పలక ముక్కలతో) మోడల్ చేసినప్పుడు మరో రూపంలో వస్తుంది. స్లాబ్ 150, బీము మొత్తం లోతు 600 అయితే అక్షాల మధ్య తేడా 225 మి.మీ. బీమును 225 కిందికి ఆఫ్‌సెట్ చేస్తే నిజమైన టీ బీము ప్రవర్తన వస్తుంది. స్లాబులో కంప్రెషన్, బీములో టెన్షన్. బీము ఫలితాల్లో మొమెంట్ మాత్రం తగ్గిపోయి కనిపిస్తుంది. ఆ తగ్గినది ఎక్కడికీ పోలేదు. బీములో 200 కిలోన్యూటన్ల టెన్షన్ ఉంటే, 200 × 0.225, అంటే 45 కిలోన్యూటన్ మీటర్లు ఆ జంట మోస్తోంది. బీము మొమెంట్, స్లాబు పట్టీ మొమెంట్, ఈ 45 కలిపితేనే డిజైన్ మొమెంట్. పైగా పై 150 మి.మీ. కాంక్రీటును బీములో ఒకసారి, స్లాబులో ఒకసారి లెక్కపెడుతున్నాం. బరువులో, వైశాల్యంలో దాన్ని సవరించుకోవాలి.

మామూలు ఆర్‌సీ భవనాలకు నా సలహా: ఈ ఆఫ్‌సెట్ పెట్టకండి. బీము అక్షాన్ని స్లాబు తలంలోనే ఉంచి, ఫ్లాంజ్ ప్రభావాన్ని ఇనర్షియాలో చూసుకోండి. భూకంపం లెక్కకు ఐఎస్ 1893:2016 బీములకు ఇనర్షియాలో 35 శాతం, కాలమ్స్‌కు 70 శాతమే తీసుకోమంటుంది కూడా. వంతెన డెక్‌లు, వైబ్రేషన్ ముఖ్యమైన ఫ్లోర్లు ఉంటే మాత్రం ఆఫ్‌సెట్ పెట్టి, మొత్తం సెక్షన్ మీద బలాలు కలిపి తీసుకోండి.

8. డమ్మీ మెంబర్ పెట్టాల్సి వస్తే

ఆఫ్‌సెట్ చోట గట్టి డమ్మీ మెంబర్ పెట్టే అలవాటు ఇంకా ఉంది. క్రేన్ బ్రాకెట్ లాంటి చోట్ల అది సులువే, బ్రాకెట్‌లోని బలాలు విడిగా కనిపిస్తాయి. పక్క మెంబర్ స్టిఫ్‌నెస్‌కు 100 నుంచి 1000 రెట్లు చాలు. కోటి రెట్లు పెడితే కంప్యూటర్ లెక్కలో చివరి అంకెలు నమ్మదగినవి కాకుండా పోతాయి. సాంద్రత సున్నా ఇవ్వండి, లేకపోతే లేని బరువు, లేని మాస్ చేరుతాయి. థర్మల్ కోఎఫిషియంట్ కూడా సున్నా చేయండి. ఉష్ణోగ్రత లోడ్ ఇచ్చినప్పుడు ఆ గట్టి ముక్క వ్యాకోచించి కాలమ్‌ను తోస్తుంది, ఆ బలం నిజం కాదు.

గోడను ప్లేట్లతో చేసి దానికి బీము కలిపినప్పుడు ఒక్క నోడ్‌కే (ప్లేట్లు కలిసే చుక్కకే) కలిపి వదలకండి. గోడ తలంలో తిరుగుడును ప్లేట్ సరిగ్గా పట్టుకోలేదు. బీమును గోడ లోపలికి రెండు మూడు ప్లేట్ల దాకా పొడిగించండి.

9. ఫలితాలు చదవడం

ఆఫ్‌సెట్ ఇచ్చాక స్టాడ్ చూపించే మెంబర్ కొస బలాలు ముఖం దగ్గరివి. బీము డిజైన్‌కు అవే కావాలి, ఐఎస్ 456 కూడా ఏకంగా పోసిన కట్టడాల్లో ముఖం దగ్గరి మొమెంట్‌తోనే డిజైన్ చేయమంటుంది. అయితే ఇంతకుముందు సెంటర్ లైన్ మొమెంట్‌ను చేత్తో ముఖానికి తగ్గించే ఎక్సెల్ షీట్ మీ దగ్గర ఉంటే దాన్ని ఆపేయండి. రెండుసార్లు తగ్గించినట్టవుతుంది.

తర్వాత ఒక జాయింట్ ఎంచుకుని సమతూకం చూడండి. ఒకే బీము కలిసే చివరి కాలమ్ అయితే మంచిది. బీము ముఖం దగ్గర మొమెంట్ 150, షియర్ 120, ఆఫ్‌సెట్ 0.3 అయితే జాయింట్ దగ్గర 150 + 36 = 186 ఉండాలి. పై కాలమ్, కింది కాలమ్ మొమెంట్లు కలిపితే ఆ 186 రావాలి. కాలమ్‌కు కూడా ఆఫ్‌సెట్ ఉంటే దాని షియర్ గుణింతం దూరాన్ని కూడా కలపండి. రాకపోతే ఎక్కడో గుర్తు తిరగబడింది. ఒక మూల జాయింట్, ఒక అంచు జాయింట్, ఒక లోపలి జాయింట్ చూస్తే చాలు. ఆఫ్‌సెట్ లేని మోడల్ కాపీ ఒకటి పక్కన ఉంచుకుని డ్రిఫ్ట్, పీరియడ్ (భవనం ఒకసారి ఊగడానికి పట్టే సమయం), బేస్ దగ్గర మొమెంట్లు పోల్చండి. తేడా ఎందుకొచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే రన్ చేసిన మోడల్‌ను బయటికి పంపకండి.

ఆ ఓఎంఆర్ మోడల్‌ను గ్లోబల్ అక్షాల్లోకి మార్చి మళ్లీ నడిపాం. 74లో కొంత బీముల టార్షన్‌లోకి (మెలితిప్పులోకి) పోయింది, మిగతాది పై, కింది కాలమ్స్ పంచుకున్నాయి. కాలమ్‌లో కడ్డీలు పెరిగాయి. బీముల్లో టార్షన్ కోసం స్టిరప్‌లు (చుట్టు కడ్డీలు) దగ్గర చేశాం. అప్పటికి ఇంకా డ్రాయింగ్ సైట్‌కు వెళ్లలేదు. ఇప్పుడు ఆ కుర్రాడు తన డిజైన్ రిపోర్టు మొదటి పేజీలోనే ఆఫ్‌సెట్ల పట్టిక పెడుతున్నాడు: ఏ మెంబర్, ఎంత దూరం, ఏ అక్షాల్లో, ఎందుకు.